ఎవరూ ముట్టని జాక్

గిటారు యాంప్లిఫయర్ సౌండు ఉన్నట్టుండి పడిపోతే మా తుగ్గలి పక్క మొదట వినబడే మాట, "లోపల ఏదో కాలిపోయుంటుందన్నా" అని. కాలితే సాధారణంగా వాసనొస్తుంది, ఫ్యూజు పోతుంది, అసలు మోగనే మోగదు. పాట మధ్యలో సౌండు తగ్గి, సన్నగానైనా మోగుతూనే ఉందంటే నా అనుమానం వేరే చోటికి పోతుంది. ఎక్కడో రెండు రేకులు సరిగ్గా తాకడం లేదు.

దీనికో లెక్కుంది. పవర్ సగానికి పడితే తగ్గేది 3 డెసిబెల్సే, చెవికి అది కొంచెం తేడా. సౌండు సగమైపోయిందని మనకు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ తగ్గాలి, అంటే పవర్ పదో వంతుకు రావాలి. వోల్టేజీ 230 నుంచి 200కు దిగినా పోయేది పావు వంతు పవరే. కాబట్టి ప్రతిసారీ కరెంటోళ్లను తిట్టుకుని లాభం లేదు. ఇంత సౌండు ఒక్క దెబ్బకు పోయిందంటే దారి ఎక్కడో తెగింది.

చర్చిలో గిటారు వాయించే కుర్రాడొకడు తన యాంప్లిఫయర్‌ను దుప్పట్లో చుట్టి బండి మీద తెచ్చాడు.

"తెరిచి చూద్దామా అన్నా?"

"తెరిచేది తర్వాతప్పా. ముందు ఆ వైరు మార్చు."

వైరు మార్చాం. గిటారులోని 9 వోల్టుల బ్యాటరీ మార్చాం. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగర కూడా లేదు. డబ్బా వెనక్కి తిప్పితే సెండ్, రిటర్న్ అని రెండు జాకులు. ఎఫెక్ట్స్ పెడల్ తగిలించేందుకు పెట్టినవి. "అవి ఎప్పుడూ ముట్టుకోలే" అన్నాడు. ఇలాంటి చాలా యాంప్లిఫయర్లలో అక్కడ ఏమీ గుచ్చకపోయినా సౌండు ఆ రిటర్న్ జాక్‌లోని చిన్న రేకు గుండానే పోవాలి. పిన్ను గుచ్చితే రేకు లేస్తుంది, తీస్తే మళ్లీ ఆనుకుంటుంది. చిన్న ప్యాచ్ వైరుతో సెండ్‌ను రిటర్న్‌కు కలిపి, తీగ మీటమన్నాను. గది అదిరింది.

ఈ రకం జాక్ 19వ శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం పుట్టింది. అక్కడ ఆపరేటర్లు రోజంతా పిన్నులు గుచ్చుతూ తీస్తూ ఉండేవాళ్లు, ఆ రాపిడికే రేకులు శుభ్రపడేవి. మన డబ్బాల్లో ఏళ్ల తరబడి ఎవరూ ముట్టరు. మా ఎర్రమట్టి దుమ్ము, దానికి తోడు వానాకాలపు చెమ్మ. రేకు మీద పొర కట్టక ఏమవుతుంది?

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాల కోసం వంగి తిరుగుతుంటారు. వాళ్లు పార పట్టరు, వాన కడిగి బయటపెట్టిన పైనేలనే చూసుకుంటూ పోతారు. రిపేరుకు కూర్చునేవాళ్లకూ ఆ చూపే కావాలి. స్క్రూడ్రైవరుతో మొదలుపెట్టే మెకానిక్కులంటే నాకు గిట్టదు.

వాల్వ్ యాంప్లిఫయరైతే అసలు చెయ్యి పెట్టొద్దు. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో 400 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. స్పీకరు వైరు ఊడదీసి ఆన్ చేస్తే ట్రాన్స్‌ఫార్మర్ పోయే ప్రమాదముంది.

జాక్‌కైతే స్విచ్ ఆపి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పిన్నును పదిసార్లు గుచ్చి తీస్తే చాలు. గరుకు కాగితంతో రుద్దితే పైపూత లేచిపోతుంది. కొబ్బరినూనె పూసేవాళ్లనూ చూశాను, ఆ జిడ్డుకు మట్టి ఇంకా పడుతుంది. రేకు బిగువు పోయుంటే మాత్రం పాత జాక్ పీకి కొత్తది టంకం వేయాల్సిందే.

స్ప్రే కొట్టాక ప్యాచ్ వైరు తీయబోతే కుర్రాడు ఒప్పుకోలేదు. "ఆదివారం దాకా ఉండనీలే అన్నా, ఎందుకైనా మంచిది."