జమ్ము కోసినచో సరస్సు బాగగునా?

కెనడాలోని విన్నిపెగ్ సరస్సు వైశాల్యము సుమారు 24,500 చదరపు కిలోమీటర్లు. పొలములనుండియు, పట్టణముల మురుగునుండియు వచ్చి చేరు భాస్వరము వలన అందు నాచు విపరీతముగా పెరుగుచున్నది. 2013లో గ్లోబల్ నేచర్ ఫండ్ అను సంస్థ దానిని ఆ యేటి ‘ఆపదలోనున్న సరస్సు’గా ప్రకటించెను. రెడ్ నది ఆ సరస్సులో కలియుచోట నెట్లీ-లిబౌ అను చిత్తడినేల కలదు. అందు జమ్ము దట్టముగా పెరుగును. మన చెరువుల యంచున కనబడు జమ్మును ఆ ప్రజాతిలోనిదే.

విన్నిపెగ్ నగరమందలి సుస్థిరాభివృద్ధి అంతర్జాతీయ సంస్థ పరిశోధకులు ఒక ఉపాయము చెప్పిరి. జమ్ము వేళ్లతో భాస్వరమును పీల్చుకొనును. దానిని కోసి తొలగించినచో ఆ భాస్వరము మరల నీటికి చేరదు. ఎండబెట్టి, గుళికలుగా నొక్కి కాల్చినచో బొగ్గు ఆదా యగును. బూడిదలో మిగిలిన భాస్వరము ఎరువుగా పనికివచ్చును. ఒక కోతకు మూడు లాభములు! ఉపాయము మెచ్చదగినదే. కాని మెచ్చుటకు ముందు శాస్త్రవిద్యార్థి రెండు ప్రశ్నలు వేయవలెను.

మొదటిది: ఎప్పుడు కోయవలెను? వేసవి చివర, జమ్ము పచ్చగా నున్నప్పుడు, భాస్వరము ఆకులలో మెండుగా నుండును. చలికాలము వచ్చుసరికి అందు చాలభాగము నేలలోని దుంపవేళ్లకు దిగిపోవును. కావున సరస్సు శుభ్రతకు పచ్చికోత మేలు. ఇంధనమునకు ఎండుకోత మేలు. పైగా చలికి గడ్డకట్టిన నేలపై యంత్రములు దిగబడవు. రెండు లాభములును ఒకే కోతలో నిండుగా రావు. ఉపాయమును పొగడువారు ఈ చిక్కును మరువరాదు.

రెండవది: ఎంత కోయవలెను? హెక్టారునకు 10 టన్నుల ఎండుజమ్ము వచ్చుననియు, అందు భాస్వరము 0.2 శాతమనియు అనుకొందము. అనగా హెక్టారునకు 20 కిలోలు. సరస్సులో ఏటేట చేరు భాస్వరము వేల టన్నులు. అందు 1,000 టన్నులు తీయుటకే 50,000 హెక్టార్లు కోయవలెను. నెట్లీ-లిబౌ మొత్తము వైశాల్యము సుమారు 25,000 హెక్టార్లే. అందును జమ్ము కొంతభాగమే!

కావున జమ్ముకోత మురుగుశుద్ధికి, ఎరువుల పొదుపునకు తోడేగాని బదులు కాదు.

మన చెరువులను కప్పు గుర్రపుడెక్క విషయమునను ఇట్టి లెక్క అవసరము. దాని బరువులో నూటికి 90 పాళ్లకు పైగా నీరే. అది కాల్చుటకంటె గ్యాసు తయారీకి తగును. ఉపాధ్యాయులు ఒక కిలో పచ్చి గుర్రపుడెక్కను పిల్లలచే తూపించి, ఎండిన పిదప మరల తూపింపవచ్చును. ఏ పథకమునైనను మెచ్చుటకు ముందు త్రాసులో పెట్టి చూడవలెనని వారికి అప్పుడే తెలియును.