అపూర్ణ పోటీయు, కోశవిధాన గుణకమును

జోన్ రాబిన్సన్, ఎడ్వర్డ్ చేంబర్లిన్‌లు అపూర్ణ పోటీని గూర్చిన తమ గ్రంథములను 1933లో వెలువరించిరి. 1936లో వచ్చిన కీన్సు సిద్ధాంతగ్రంథము మాత్రము పోటీ తీరును ఉన్నదున్నట్లు గైకొని సాగిపోయినది. ఈ రెండు పాయలను కలుపు యత్నము 1980 తరువాతగాని ఊపందుకొనలేదు. హార్ట్ (1982), డిక్సన్ (1987), మాంక్యూ (1988) ఇందు ముఖ్యులు.

మాంక్యూ వాదము సులభమైనది. ప్రభుత్వము పన్ను గైకొని ఆ సొమ్మును సరకులపై వెచ్చించును. ధర ఉత్పత్తివ్యయమును మించియుండుటచే అమ్మకముతోపాటు లాభము పెరుగును. అది కుటుంబములకు చేరి మరల కొనుగోలగును. కుటుంబము, తన కాలపు విలువతో కూడిన రాబడిలో, సగము సరకులకును సగము విశ్రాంతికిని వినియోగించునని అనుకొందము. సంపూర్ణ పోటీలో 100 రూపాయల ప్రభుత్వవ్యయమునకు ఉత్పత్తి 50 రూపాయలు పెరుగును. ధరలో సగము లాభమైనచో పెరుగుదల సుమారు 67 రూపాయలు.

చూపునకిది కీన్సు గుణకమే. కాని, లాభమే లేని సంపూర్ణ పోటీలో ఆ 50 రూపాయలు ఎచ్చటినుండి వచ్చినవి? పన్నుచే రాబడి తగ్గిన కుటుంబము విశ్రాంతిని కుదించుకొని అధికముగ శ్రమించుటవలననే వచ్చినవి. పని కోరియు దొరకక కూర్చున్నవాడు ఈ నమూనాలో కానరాడు. కీన్సు చింతయంతయు వానిని గూర్చియే గదా! లాభము చేయునదెల్ల, కుటుంబపు రాబడినష్టమును కొంత తగ్గించి, సరకుల కొనుగోలు అంతగా పడిపోకుండ చూచుట మాత్రమే.

పైగా ఆ లాభమైనను నిలుచునది కాదు. లాభమున్నచోటికి కొత్త సంస్థలు వచ్చునని, అవి లాభమును హరించిన పిమ్మట గుణకము వెనుకటి స్థాయికి దిగునని 1989లో స్టార్ట్జ్ చూపెను. అనగా 67 మరల 50 అగును. వాటాదారులు వేరొక సీమలో నివసించువారైనచో అంతవరకైనను ఆగనక్కరలేదు; లాభము పుట్టినచోటనే ఖర్చగునన్న నియమమేదియు లేదు.

అట్లని ఈ వాదమును త్రోసిపుచ్చరాదు. పైలెక్కలో 100 రూపాయల పన్ను కట్టిన కుటుంబమునకు 33 రూపాయలు లాభరూపమున తిరిగివచ్చును. సంపూర్ణ పోటీలో ఏమియు రాదు. అపూర్ణ పోటీ పన్నుభారమును కొంత తేలికపరచునన్న మాట నిజము. ఇది విలువగల ఫలితము. అయినను, ఉత్పత్తి 67 రూపాయలు పెరిగిన ఆ దేశముననే కుటుంబము 67 రూపాయల మేరకు పేదయైనది. వానిలో సగము సరకులలోను, సగము విశ్రాంతిలోను కోల్పోయినది.