మూడో వరస

విశాఖ రేవు దగ్గర కంటైనర్ యార్డుల్లో రీచ్ స్టాకర్‌ని చూసినవాళ్లు దాని బలానికి ముచ్చటపడతారు. డెబ్భై టన్నుల బండి, ముందుకు చాచిన బూమ్, కొసన వేలాడే నిండు కంటైనర్. నా కళ్లు మాత్రం ముందు చక్రాల మీదకే పోతాయి. తక్కెడకు ముల్లు ఎక్కడో ఈ బండికి ముందు ఇరుసు అక్కడ. అటు కంటైనర్, ఇటు వెనక పోసిన ఇనుప దిమ్మ.

"ఇది ఎన్ని టన్నులు లేపుతుంది సార్?" అని అడుగుతారు కొత్త కుర్రాళ్లు. "ఎంత దూరంలోది?" అంటాను. నలభై అయిదు టన్నుల బండి అంటే ఆ లెక్క బండికి దగ్గరున్న మొదటి వరసకే. రెండో వరసకు చాపితే ముప్ఫైకి కాస్త అటూ ఇటూ, మూడో వరసలో పదిహేను దరిదాపు. పూర్తిగా నింపిన కంటైనర్ ముప్ఫై టన్నులు దాటి కూడా ఉండొచ్చు. కాబట్టి మూడో వరసలోని నిండు డబ్బా కావాలంటే ముందున్నవి తీసి, దగ్గరికి వెళ్లి ఎత్తడమే. అందుకు టైము పడుతుంది. ఈలోగా ట్రైలర్ డ్రైవర్లు హారన్లు కొడుతుంటారు.

పోనీ, డబ్బా బరువు కాగితంలో ఉంటుందిగా అంటారా? 2007 జనవరిలో ఇంగ్లిష్ చానెల్‌లో ఎం.ఎస్.సి. నెపోలీ ఓడ దెబ్బతిన్నాక, డెక్ మీద తడవకుండా మిగిలిన 660 కంటైనర్లను తూచారు. 137 డబ్బాల బరువు కాగితానికి మూడు టన్నులకు మించి తేడా వచ్చింది. 2016 జూలై 1 నుంచి ఓడెక్కే ప్రతి నిండు కంటైనర్‌కీ సరిచూసిన తూకం తప్పనిసరైంది. దేశంలోపలే రోడ్ల మీదా రైళ్ల మీదా తిరిగే డబ్బాలకు ఆ నిబంధన లేదు. వాటి విషయంలో క్యాబిన్‌లోని తూకం తెరనే నమ్మాలి.

ఖాళీ బండి భద్రమనుకోవడం ఇంకో పొరపాటు. ముందు ఇరుపక్కల చక్రాలు, వెనక ఇరుసు మధ్యలోని కీలు: బండిని నిలబెట్టేది ఈ మూడు చోట్ల మధ్య త్రికోణం. కంటైనర్‌ను పట్టే స్ప్రెడర్‌కు ఏమీ లేనప్పుడు బరువు వెనక్కి, అంటే త్రికోణం సన్నబడే కొసకు జరుగుతుంది. బూమ్ దించకుండా వేగంగా మలుపు తిప్పితే పక్కకు ఒరుగుతుంది. వేగం రెట్టింపైతే పక్కకు తోసే బలం నాలుగింతలు. బండి ఒరిగిందా, దూకొద్దు. దూకినవాడి మీదే పడొచ్చు. బెల్టు పెట్టుకుని సీట్లోనే గట్టిగా పట్టుకుని ఉండాలి.

దూరానికి తగ్గ బరువు పరిమితి దాటితే అలారం మోగి, బూమ్ ముందుకు కదలనని మొరాయిస్తుంది. ఆ అడ్డు తీసేయడానికి చాలా బండ్లలో ఒక తాళం ఉంటుంది. అది మరమ్మతు కోసం పెట్టింది, తొందర కోసం కాదు. హారన్ల మధ్య ఆపరేటర్ మనసు ఎటు లాగుతుందో అందరికీ తెలుసు. యార్డు యజమానులారా, ఆ తాళం చెవి ఆపరేటర్ జేబులో ఉండనివ్వకండి, షిఫ్టు ఇన్‌చార్జి దగ్గర పెట్టి, తీసిన ప్రతిసారీ రిజిస్టర్‌లో సంతకం చేయించండి.