చలిపొద్దున దండెం

చలికాలం వచ్చిందంటే సంగారెడ్డి జిల్లాలో కోహీర్ పేరు చలి వార్తల్లో వినిపిస్తుంది. అదే జిల్లాలో, కర్ణాటక అంచున ఉన్న నాగల్‌గిద్దలోనూ తెల్లారి నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. అయినా ఇంటిల్లిపాది బట్టలు ఆగవు. వాటిని ఏ రోజువి ఆ రోజు ఉతికి ఆరేసే ఆడవాళ్ల నేర్పు నాకు పెద్ద విద్యలా కనిపిస్తుంది.

పత్తి చేనుకు పోయొచ్చిన ప్యాంటుకు రేగడి అంటి ఉంటుంది. దాన్ని పచ్చిగా తడపరు. ఎండనిచ్చి, దులిపి, ఆ తర్వాతే నానబెడతారు. తడి మీద రుద్దితే మన్ను నూలులోకి దిగుతుంది మరి. బరువైన దుప్పట్లను ఇద్దరు చెరో కొస పట్టుకుని ఎదురెదురుగా మెలిపెట్టి పిండుతారు. ఎండ చిక్కేది కొద్ది గంటలే కాబట్టి, పిండడంలో పోయిన ప్రతి చుక్కా లాభమే.

ఆరేయడంలో అసలు పనితనం ఉంది. ప్యాంటును తిరగేసి, జేబులు బయటికి లాగి, నడుము పట్టీ పైకి పెట్టి వేస్తారు. చివరిదాకా చెమ్మ నిలిచేది అక్కడే. దుప్పటిని రెండు దండేల మీద పరిస్తే మధ్యలోంచి గాలి ఆడుతుంది. మబ్బు లేని చలిరోజు గాలి పొడిగా ఉంటుంది కనుక ఎండ పలచనైనా బట్ట ఆరుతుంది. పొద్దు వాలకముందే అన్నీ లోపలికి తెచ్చేస్తారు. ఆలస్యమైతే మంచుకు మళ్లీ మెత్తబడతాయి.