పల్లెపాటకు జమైకా దరువు

ఒకనాటి విరామసమయమున మేము వ్యాసపుస్తకములు దిద్దుకొనుచుండ, ప్రక్కగదిలో పిల్లలు బల్లలపై వ్రేళ్లతో దరువు వేయుచు నేదో పాడసాగిరి. గద్దింపబోయి గుమ్మముకడ నిలిచిపోతిమి. పల్లెకు తిరిగి పోయెదనని యొకడనుట, ఏ పల్లెకని వేఱొకడు నిలదీయుట, పాట యీ ప్రశ్నోత్తరములమీదనే నడచుచున్నది. మా దెందులూరి బడిలోని యా పిల్లల తండ్రులో అన్నలో పలువురు హైదరాబాదునకు బ్రతుకబోయినవారే. అందుచే వారి గొంతులలో ఆ పాట ఆటగా వినవచ్చుటలేదు.

అది ‘ఊరెళ్ళిపోతా మామా’ యనియు, హైదరాబాదునందలి ‘చౌరస్తా’ బృందమువారిదనియు పిల్లలే మాకు చెప్పిరి. యశ్వంత్ నాగ్ మొదలగు యువకులు కూడిన యీ బృందము తెలుగు పల్లెపాటను జమైకా ద్వీపపు ‘రెగే’ సంగీతముతో మేళవించుచున్నది. రెగే 1960ల చివర కింగ్‌స్టన్ నగరపు బీదవాడలలో రూపుదాల్చినది. బాబ్ మార్లీ (1945–1981) దానిని లోకమునకు వినిపించెను. 2018లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చెను.

మేళవింపు అనగానే మాతోటి పండితులు ముఖము చిట్లింతురు. వారికి ముత్తుస్వామి దీక్షితులను (1775–1835) జ్ఞాపకము చేయుదుము. ఆంగ్లేయుల బ్యాండుమెట్లకు సంస్కృత సాహిత్యము కూర్చి నొట్టుస్వరములు రచించినవారు ఆ మహానుభావులే గదా! నేడు ఫిడేలు లేని కచేరీ కలదా? హార్మోనియము లేని పద్యనాటకము కలదా? షేక్ నాజరు (1920–1997) పూర్వపు జంగముకథకు క్రొత్త బాణీలను, నాటి రాజకీయమును జోడించి బుర్రకథను నిలిపెను. దానిని నేడు మన సొత్తని చెప్పుకొనుచున్నాము. కలుపుట తప్పుకాదు. కలిపినపుడు ఏది దేనికి లొంగినదో చూడవలెను.

ఈ పాటలో సంగీతమే మాటకు లొంగినదని మా యభిప్రాయము. మన తాళశాస్త్రమున సమ, అతీత, అనాగత గ్రహములని యున్నవి గదా. రెగేలో గిటారు దెబ్బమీద పలుకదు. దెబ్బకును దెబ్బకును నడిమి సందులో పలుకును. అందుచే పదము పడవలసిన చోటు పదమునకే మిగులును. నాట్లు వేయు చేనిలో ముందుపాట యాగినచోట వంతవారు అందుకొనునట్లు, ఇచట గిటారు వంతయై అందుకొనుచున్నది. నేటి సినిమాపాటలు పెక్కింటిలో మోతక్రింద మాట మునిగి ఊపిరాడక చచ్చును. ఇచట ప్రతి యక్షరము తేటగా వినవచ్చును. రెండును ఒళ్లువంచి పనిచేయువారి పాటలగుటచే గాబోలు, రెండింటికిని ఊపిరి తీసికొను తావు కావలసివచ్చినది.

పల్లెను పొగడు పాటలు మనకు కొల్లలు. పొగడువారు మాత్రము పట్టణము వదలరు. ఈ పాటలో రెండవ గొంతుక యా కపటమును సాగనీయదు. అంత చల్లని యూరైనచో ఎందుకు వదలి వచ్చితివని యడుగును. 2006లో కొల్లేటిలోని చేపలచెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించిన పిమ్మట లంకగ్రామములు విడిచిన కుటుంబములకు ఆ ప్రశ్న క్రొత్తది కాదు.

2020లో కరోనా వ్యాపించినపుడు ఈ బృందమే, చేయి చేయి కలుపవలదని చేతులెత్తి వేడుకొను పాట కట్టినది. మేము శ్రమపడి వ్రాసి బడిగోడకు అంటించిన ఆరోగ్యసూత్రములను ఎవరును చదివినట్లు లేదు. ఆ పాటను మా వీధిలోని ముసలమ్మలును పాడిరి. కొంత చిన్నబోతిమని యొప్పుకొనుటకు సిగ్గుపడము.

ఇక మా కొరత. పాటకు ప్రాణము పల్లెది. పెత్తనము మాత్రము గిటారుది. డక్కీ కొట్టువాడు, జముకు మీటువాడు ఈ వేదికపై కెప్పుడు వచ్చును? కిన్నెర మొగిలయ్యగారు 2021లో ఒక చలనచిత్రగీతమున తన కిన్నెరతోనే వచ్చెను. 2022లో పద్మశ్రీ బిరుదమందెను. అదే మొగిలయ్యగారు కూలిపని చేయుచున్నారని 2024లో పత్రికలలో చదివితిమి. బాణీకి పట్టిన యదృష్టము బాణీని కాపాడినవానికి పట్టకున్నచో ఆ మేళవింపులో ఒక పాలు ఎగవేతయే.

ఈ మాట అనుటకు మాకు అర్హత తక్కువ. పదిపదునైదేండ్ల క్రిందట ఒక బుర్రకథ దళమువారు బడిగుమ్మముకడకు వచ్చి గంటసేపు కథ చెప్పుకొననిమ్మని యడిగిరి. పరీక్షలు దగ్గరపడినవని మేమే పంపివేసితిమి. వారిలో వృద్ధుడు వ్రేలి యందెను తీసి సంచిలో వేసికొని నమస్కరించి పోయెను. మరల రాలేదు.

నాడు గుమ్మముకడ నిలిచినపుడు, ఇంటిలో నాయనమ్మ పాడు నాట్లపాట యొకటి పాడుడని పిల్లల నడిగితిమి. అంతవఱకు కేకలు వేయుచున్నవారు తలలు వంచుకొనిరి. గిటారుతో వచ్చినది పాట, బురదకాళ్లతో వచ్చినది మోటయని వారికి నేర్పినది మావంటి వారమే.

వారము గడచిన పిదప వారిలో ఒకడు నాయనమ్మనడిగి రెండు చరణములు వ్రాసికొని వచ్చెను. మాటలు కుదిరినవి. ఆమె ఊపు ఎచట పడునో వానికి తెలియలేదు. మొదట మాటమీద కొట్టిచూచెను, తరువాత మాటకు మాటకు నడుమ కొట్టిచూచెను. మేము గంట కొట్టించుట మఱచి, వాని వ్రేలినే చూచుచు కూర్చుంటిమి.