ఏ హాకీకి రంగులేద్దాం?

ఆగస్టు 29 దగ్గరపడిందంటే గచ్చిబౌలి, కొండాపూర్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో హడావిడి మొదలవుతుంది. హాకీ దిగ్గజం ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం కదా, క్లబ్‌హౌస్‌లో పిల్లలకు కలరింగ్ పోటీ పెట్టాలి. ఎవరో ఒకరు నెట్‌లో ‘హాకీ’ అని కొట్టి, ముందు దొరికిన బొమ్మను ప్రింట్లు తీసుకొస్తారు. తీరా చూస్తే ఆటగాడి కాళ్లకు స్కేట్లు, బంతికి బదులు నల్ల బిళ్ల. ధ్యాన్‌చంద్ పేరు మీద కెనడా వాళ్ల ఐస్ హాకీ!

పిల్లలకు అదేం పట్టదు. నాకే మనసొప్పక, కొన్నేళ్లుగా ఆ బొమ్మలు నేనే గీసిస్తున్నాను.

కలరింగ్ బొమ్మ గీయడమంటే ఏం వదిలేయాలో తెలియడం. చిన్నపిల్లలకు గీత లావుగా ఉండాలి, ఎక్కడా తెగకూడదు. జెర్సీ మడతలు, షూ లేసులు తీసేసినా నష్టం లేదు. చేతులు మాత్రం తారుమారు కాకూడదు. హాకీ కర్ర పట్టుకుంటే ఎడమచేయి పైన, కుడిచేయి కింద. కర్రకు ఎడమవైపే చదును, బంతిని ఆ వైపుతోనే ఆడాలి. ఎడమచేతి వాటం వాళ్లకంటూ వేరే కర్ర లేదు. పేజీలో బాగా కుదిరిందని కంప్యూటర్‌లో బొమ్మను అటుదిటు తిప్పేస్తే ఆటే తప్పయిపోతుంది. గోల్ ముందరి ‘డి’ కూడా అంతే. పళ్లెం బోర్లించి సగం గీస్తే సరిపోదు. అటూ ఇటూ రెండు పావు వృత్తాలు, వాటిని కలుపుతూ మధ్యలో 3.66 మీటర్ల తిన్నని గీత.

పిల్లలకు బాగా నచ్చేది అంపైర్ కార్డుల పేజీ. హాకీలో కార్డుకు రంగే కాదు, ఆకారమూ ఉంది. ఆకుపచ్చ త్రికోణం చూపిస్తే రెండు నిమిషాలు బయట. పసుపు చతురస్రమైతే కనీసం ఐదు నిమిషాలు. ఎర్ర వృత్తమైతే ఆ మ్యాచ్‌లో ఇక ఆడేది లేదు. “గ్రీనంటే వెళ్లమని కదా ఆంటీ, సిగ్నల్ దగ్గర?” అని ఒక బుడతడు నిలదీశాడు. పక్కనున్న పిల్ల తలెత్తకుండానే, “వెళ్లమనే. బయటికి!” అంది.

మైదానాన్ని మాత్రం ఖాళీగా వదిలేస్తాను. దాదాపు అందరి చేయీ ఆకుపచ్చ క్రేయాన్ మీదికే పోతుంది, చూసింది క్రికెట్ కాబట్టి. కానీ 2012 లండన్ ఒలింపిక్స్‌లో హాకీ టర్ఫ్ నీలం, అంచులు గులాబీ, బంతి పసుపు. ఆడేవాళ్లకీ టీవీలో చూసేవాళ్లకీ బంతి కొట్టొచ్చినట్టు కనబడాలనే ఆ ఏర్పాటు. ఈ పిల్లలు పెరుగుతున్నదేమో గచ్చిబౌలి హాకీ స్టేడియం పక్కనే. 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల్లో మన పురుషుల జట్టు పాకిస్తాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది ఇక్కడే. 2005లో మొదటి ప్రీమియర్ హాకీ లీగ్ కప్పు హైదరాబాద్ సుల్తాన్స్‌దే. స్టేడియం గోడ పక్కనుంచే స్కూలు బస్సు రోజూ వెళ్తుంది. లోపలి టర్ఫ్ ఏ రంగో అడిగితే బస్సంతా దిక్కులు చూస్తుంది.

ఇక గోల్‌కీపర్ పేజీ. అది గీసేటప్పుడు నాకు గుర్తొచ్చేది ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి, గోల్‌కీపర్ రజని. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన హాకీ ఫైవ్స్ (జట్టుకు ఐదుగురే ఆడేది) ప్రపంచకప్‌లో ఆమె కెప్టెన్సీలోనే మన మహిళల జట్టు రజతం తెచ్చింది. గోల్‌కీపర్ జెర్సీ సొంత జట్టు రంగులో ఉండకూడదు, ఎదుటి జట్టు రంగులోనూ ఉండకూడదు. అందుకే ఆ పేజీలో రెండు జట్లనూ, మధ్యలో గోల్‌కీపర్‌నూ గీసి ఊరుకుంటాను. ఏ రంగు ఎవరికన్నది పిల్లలే తేల్చుకోవాలి.

మన కలరింగ్ పోటీల్లో రంగు గీత దాటితే మార్కులు కోస్తారు. నన్ను జడ్జిగా కూర్చోబెడితే గీత సంగతి అడగను. గోల్‌కీపర్‌కి మూడో రంగు వెతికిన పిల్లకే ఫస్ట్ ప్రైజ్.