క్రైస్తవ విడాకుల చట్టం: రెండు కొలతల నుండి ఒకే కొలతకు

మన దేశంలో అత్యధిక ప్రాంతాలలో క్రైస్తవుల విడాకులకు నేటికీ ఆధారం 1869 నాటి చట్టమే. దీనిని క్రైస్తవ విశ్వాసానికి రక్షణ కంచెగా భావించి, సవరణ అనగానే జంకినవారు సంఘంలో అనేకులు. ఈ భావన ఎంతవరకు సమంజసమో ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాము.

ఈ చట్టానికి మాతృక 1857లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన వివాహ వ్యాజ్యాల చట్టం. 10వ సెక్షను ప్రకారం భార్య వ్యభిచారాన్ని రుజువు చేస్తే చాలు, భర్త విడాకులు పొందవచ్చు. భార్యకైతే భర్త వ్యభిచారం ఒక్కటే చాలదు. దానికి తోడు క్రూరత్వాన్నో, రెండేళ్ల పరిత్యాగాన్నో చూపవలసి ఉండేది. తన భార్యతో వ్యభిచరించిన వాని నుండి భర్త నష్టపరిహారం కోరవచ్చునని 34వ సెక్షను అనుమతించింది. భార్యను భర్త సొత్తుగా ఎంచిన తలంపే దీని వెనుక ఉన్నది.

ఇంగ్లండు 10వ సెక్షను వంటి వివక్షను 1923లోనే తొలగించుకొన్నది. ఇక్కడ లా కమిషన్ 1960లోను, 1983లోను నివేదికలిచ్చినా చట్టం మారలేదు. చివరకు స్త్రీలే కోర్టు మెట్లెక్కగా, 1995లో కేరళ హైకోర్టు ఆ సెక్షనులోని వివక్షాపూరిత భాగాలను కొట్టివేసింది. 2001 సవరణ భార్యాభర్తలిరువురికీ వ్యభిచారం, క్రూరత్వం, పరిత్యాగం వంటి కారణాలను సమానంగా ఇచ్చి, 34వ సెక్షనును తొలగించింది. ఇంగ్లండు కంటే మనం 78 సంవత్సరాలు వెనుకబడ్డాము.

సవరణలోనూ లోపమున్నది. పరస్పర అంగీకార విడాకులకు హిందూ వివాహ చట్టం ఒక సంవత్సరం ఎడబాటు చాలునంటే, 10ఎ సెక్షను రెండేళ్లు కోరింది. దానిని ఒక సంవత్సరంగానే చదవాలని 2010లో కేరళ హైకోర్టు చెప్పవలసివచ్చింది.

విడాకులు సులభమైతే వివాహ పవిత్రత దెబ్బతింటుందనే ఆందోళనను మేము తేలికగా తీసుకోవడం లేదు. కాని పాత చట్టం వివాహాన్ని కాపాడలేదు. తప్పు చేసిన భర్తను కాపాడింది. మార్కు 10:11-12లో ప్రభువు భర్తకును భార్యకును ఒకే కొలత ఉంచాడు. ఆ కొలతకు దగ్గరగా వచ్చినది 1869 పాఠం కాదు, 2001 సవరణే.

కాపరులకు ఇందులో ఆచరణాత్మకమైన బాధ్యత ఉన్నది. సంఘ న్యాయసభ ఇచ్చిన విడాకులు చట్టం ముందు చెల్లవని 1996లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక బాధితురాలైన సహోదరి సలహా కోరి వచ్చినప్పుడు, ఆమె కొరకు ప్రార్థించడంతో పాటు, చట్టం ఆమెకిచ్చిన హక్కును దాచకుండా తెలియజేయాలి. అది కూడా కాపరి పరిచర్యయే.